ఎంగిలి కాని తేనె

జేగురుకొండ ఎక్కేవాడు కిందికి చూడకూడదని మేఖలాపురంలో పెద్దలు చెబుతారు. దండనాయకుడు ఉద్దండుడు ఆ మాటను మరీ ఎక్కువగా మన్నించి, ఎటూ చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని, ముందు నడిచే భటుడి నడికట్టు పట్టుకుని ఎక్కుతున్నాడు. ఏడు యుద్ధాలలో వెన్ను చూపని వీరుడాయన. కాని ఆ యుద్ధాలన్నీ మైదానంలో జరిగినవి. ఆయన వెనక తక్కిన పదకొండుమంది భటులు, వాళ్ళ మధ్య పట్టుగుడ్డ చుట్టిన బంగారు కూజా, అందరికంటే వెనక ఎండు రేగుపళ్ళు నములుకుంటూ దేచన.

దేచన కత్తి పట్టినవాడు కాడు. మేఖలాపురం కోటలో అతనిది చవిచూపరి ఉద్యోగం. మహారాజు ముందు పెట్టే ప్రతి పదార్థంలోంచీ ఒక ముద్ద ముందుగా తాను తిని, ఒక ఘడియసేపు బతికి ఉండి చూపించడమే అతని పని. పదకొండేళ్ళుగా ఆ పని లోటు లేకుండా చేస్తున్నాడు. ఆ మధ్యలో రెండుసార్లు చచ్చి బతికాడు. ఒకసారి విషం వల్ల, ఒకసారి కొత్త వంటవాడి వల్ల.

అతని ఏలిక ఘృతకేతు మహారాజు తిండికి పెట్టింది పేరు. ఆయన భోజనానికి కూర్చుంటే పంక్తిలో ఉన్నవాళ్ళకు తమ విస్తరి సంగతి గుర్తుండేది కాదు, ఆయన తినే సంబరం చూస్తూ ఉండిపోయేవారు. అలాంటి మహారాజుకు నలభై రోజుల కిందట ఉన్నట్టుండి నాలుక మీద రుచి చచ్చిపోయింది. గుత్తివంకాయ కూర నోట పెడితే బూడిద, పాయసం పోస్తే బురదనీళ్ళు. మింగింది మింగినట్టే తిరిగొస్తోంది. ఒకప్పుడు ఆయన ఎక్కితే పట్టపుటేనుగు మూలిగేది. ఇప్పుడు పల్లకీ మోసే బోయీలు లోపల మనిషి ఉన్నాడో లేడో అని మధ్యమధ్య తెర తీసి చూసుకుంటున్నారు.

రాజవైద్యుడు కాకోలుడు మూడు రాత్రులు హోమాలు చేసి, సగం నలుపూ సగం తెలుపూ ఉన్న తన గడ్డం నిమురుకుంటూ తాటాకు మీద మందు రాసిచ్చాడు: 'జేగురుకొండ మీది దొన్నెపూల తేనె. పక్షి ముట్టనిది, తుమ్మెద వాలనిది, చీమ పాకనిది, మనిషి నాలుక సోకనిది. ఎంగిలైతే మందే మృత్యువు. ద్వాదశి నాటి మధ్యాహ్నం లోపల తాగించకపోతే ప్రభువులు దక్కరు.'

ఎంగిలి అనే మాట వినగానే దేచనను ఆ ప్రయాణంలో చేర్చకూడదని అందరూ అన్నారు. మంచం మీంచి మహారాజే చేయెత్తి వారించాడు.

"నా నాలుక ఎలాగూ పోయింది. వాడి నాలుకైనా వెళ్ళి ఆ కొండ చూసి రానివ్వండి" అన్నాడు.

ఆ మాట దేచన గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆయన లేని వంటశాలలో తాను దేనికి? ఏ కూర బాగుందని ఎవరితో చెప్పాలి?

దశమి పొద్దు వాలుతుండగా వాళ్ళు కొండ నడినెత్తికి చేరారు. అక్కడ జేగురు రంగు బండల సందుల్లో, మబ్బులు ఒరుసుకుపోయే చోట, కనుచూపు మేరా దొన్నెపూల పొదలే. ఛాతీ ఎత్తున గుబురుగా పెరిగిన పొదలవి. ఆకు పైకి పచ్చన, అడుగున వెండి నూగు. గాలి వీచినప్పుడల్లా కొండ కొండంతా ఒకసారి తెల్లబడి మళ్ళీ పచ్చబడుతోంది. కొమ్మకొమ్మ చివరా పూలగుత్తులు. ఒక్కొక్క పువ్వూ విస్తరాకుతో కుట్టిన దొన్నెంత, అంచు కెంపు, గొంతు పసుపు, అడుగున ఒక గుక్కెడు తేనె మిలమిలా. ఆ పూల మధ్య బొటనవేలంత సూదిపిట్టలు వేలకు వేలు. నీలం రెక్కలు, సూది లాంటి ముక్కులు. విచ్చిన ప్రతి పువ్వులోనూ అప్పటికే ముక్కు పెట్టేశాయి.

కళ్ళు తెరిచిన ఉద్దండుడు ఆ దృశ్యం చూసి గొల్లుమన్నాడు.

"అంతా ఎంగిలే! ఈ పిట్టముండలు ఒక్క పువ్వు మిగల్చలేదు కదరా! భటులారా, దండెత్తండి!"

తరువాత జరిగిన యుద్ధాన్ని మేఖలాపురం చరిత్రకారులు ఎక్కడా రాయలేదు, రాయకపోవడమే మంచిది. పన్నెండుమంది కవచధారులు ఈటెలు పట్టుకుని బొటనవేలంత పిట్టల మీద పడ్డారు. పిట్టలు వాళ్ళ ముక్కుల మీదా చెవుల మీదా పొడిచి గెలిచాయి. చివరికి ఉద్దండుడికి ఉపాయం తోచింది. ఇంకా విచ్చని మొగ్గలున్న పొదలను నాలుగింటిని ఎంచి, భటుల తలపాగాలన్నీ విప్పించి, గాలి తప్ప మరేదీ దూరకుండా వాటికి చుట్టబెట్టాడు. చీమలు రాకుండా మొదళ్ళ చుట్టూ పసుపు పోయించాడు. పిట్టలు గుడ్డల మీద వాలి తెల్లవార్లూ అరుస్తూనే ఉన్నాయి.

ఏకాదశి పొద్దున తలపాగాలు విప్పేసరికి లోపల పూలన్నీ విచ్చుకుని ఉన్నాయి. ఒక్కదాని మీదా చిన్న గాటు లేదు. ఉద్దండుడు తలస్నానం చేసి, తడిబట్టతో, వెండి గరిటెతో తేనె తోడి కూజా నింపాడు. మూత పెట్టి లక్కముద్ర వేశాడు.

"దండనాయకా, ఒక్క చుక్క నా నాలుక మీద..." అని దేచన ముందుకొచ్చాడు.

"దగ్గరికి వచ్చావంటే మెడ నరుకుతాను! నీది పుట్టు ఎంగిలినోరు!"

"పదకొండేళ్ళలో నేను చూడనిది ఏదీ ప్రభువుల నోట పడలేదండీ."

"అందుకే ఆయనకు ఈ గతి పట్టిందేమో!" అని ఉద్దండుడు గుర్రుమన్నాడు.

దేచన కూజా వదిలి పొద వైపు తిరిగాడు. కూజా ముట్టవద్దన్నారు సరే, పొదను ముట్టవద్దని ఎవరూ అనలేదు కదా. అందరూ మూటలు సర్దుకుంటూ ఉండగా, గరిటెకు అందక మిగిలిపోయిన ఒక పువ్వును వంచి నాలుక కొస తగిలించాడు.

మొదట తీపి. అంతటి తీపి అతను పుట్టి ఎరగడు. కాని చవిచూపరి నాలుక తీపి దగ్గర ఆగదు, దాని వెనక ఏముందో వెతుకుతుంది. వెనక ఒక చలి నక్కి ఉంది. ఆ చలి నాలుక మీంచి పెదవులకు, పెదవుల మీంచి చెవులకు పాకింది. కొండ లేచి నాలుగడుగులు నడిచినట్టయింది. "దండనాయకా, తీసుకెళ్ళకండి, విషం!" అని అరిచాననుకున్నాడు. బయటికి వచ్చింది మాత్రం "బ... బ... బ..."

"చూశారా!" అన్నాడు ఉద్దండుడు భటులతో. "పవిత్రమైన మందును ఎంగిలి చేయబోయాడు, కొండదేవర నోరు కట్టేసింది. వీడి కోసం ఆగితే అక్కడ ప్రభువుల ప్రాణం ఆగదు. పదండి, రేపు మధ్యాహ్నానికి కోటలో ఉండాలి!"

దేచన వాళ్ళ వెంట ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేసిన చోట కొండ లేదు. దొర్లుకుంటూ, పొదలు విరుచుకుంటూ, ఎక్కడో ఒక మేకల దొడ్డి మీద పడ్డాడు. ఆపైన ఏమీ తెలియలేదు.

కళ్ళు తెరిచేసరికి నోట్లో తియ్యగా ఏదో కారుతోంది. ఈసారి తీపి వెనక చలి లేదు. వెచ్చగా ఉంది. ఒక ముసలావిడ అతని తల ఒళ్ళో పెట్టుకుని, దొన్నెపువ్వును దొన్నె పట్టినట్టే పట్టుకుని తేనె పోస్తోంది. ముఖమంతా ముడతలు, ముక్కుకు ఇత్తడి బేసరి, చుట్టూ పది మేకలు.

"లెగిసినావా నాయినా! నా దొడ్డి మీద పడిపోనావు. ఒక మేకపిల్లకి కాలు బెణికింది" అంది.

దేచన నాలుక కదిలించి చూసుకున్నాడు. మాట వచ్చింది. "అవ్వా, ఇదీ దొన్నెపూల తేనేగా? దాంతో చచ్చాను, దీంతో బతికానేం?"

మొగిలవ్వ ఆమె పేరు. ఆ కొండ మీది పొదలను కాచుకుని ఉండే గూడేనికి పెద్ద. దేచన చెప్పిన కథంతా విని, తలపాగాలు చుట్టిన సంగతి రాగానే నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని సేసినారర్రా! పిట్ట ముట్టని పువ్వు మా మేక కూడా ముట్టదు. ఇదుగో ఇటు సూడు." ఒక కొత్త పువ్వును గోటితో చీల్చి చూపించింది. అడుగున ఉల్లిపొర లాంటి చిన్న తిత్తి. "పువ్వు ఇచ్చుకోగానే ఈ తిత్తిలో ఇసం ఊరి పైకొస్తాది. పిట్ట ముక్కు పెట్టి తిత్తి సింపుతాది. ఇసం కింద నుంచి కారిపోద్ది. ఆ తరవాత ఊరిందే తేనె. పిట్ట ఎంగిలి సేస్తేనే మనిషి తాగాల. మా బిడ్డలకి నడక కంటే ముందు నేర్పేది ఇదే."

"మరి పిట్టకు విషం ఎక్కదా?"

"ఆ పిట్టకి అదే కూడు. ఇదుగో నాయినా, ఎంగిలి కానిది గావాలని ఎవులు సెప్పినారు మీకు?"

"మా రాజవైద్యుడు. కాకోలుడని. గడ్డం సగం నలుపు, సగం..."

"తెలుపు!" అని అవ్వ లేచి నిలబడింది. "ఆడా! ఇరవై ఏళ్ళ కిందట సాదువులాగ వొచ్చి మూడు వానలు మా గూడెంలో మా కూడు తిన్నాడు. తిత్తి సంగతి నానే నేర్పినాను ఆడికి. ఎలిపోయిన రోజున మా కోడిపుంజులు ఏడూ సచ్చి పడున్నాయి. ఎంగిలి కాని తేనె పోసి సూసుకున్నాడు ఎదవ!"

దేచనకు అంతా అర్థమయింది. మందు నిజమే. తాటాకు మీద ఒక్క మాట మాత్రమే అబద్ధం. ఆ ఒక్క మాట రాస్తే చాలు, రాజుగారిని చంపే విషాన్ని రాజుగారి దండనాయకుడే తలస్నానం చేసి మరీ తెచ్చిపెడతాడు. వైద్యుడి చేతికి మట్టి అంటదు.

"అవ్వా, రేపు మధ్యాహ్నానికి ఆయన తాగేస్తాడు! మంచి తేనె ఒక ముంతలో పోసివ్వు, పరిగెత్తుతాను."

"పువ్వులోంచి తీసి ఘడియ దాటితే పులిసిపోద్ది. అయినా ఒక పువ్వుతో నాలిక తిరిగి వొచ్చినా నిలవదు. రోజుకొకటి సొప్పున తొమ్మిది రోజులు తాగాల. పొదనే మోసుకుపో."

అవ్వ గునపంతో ఒక చిన్న పొదను మన్నుతో సహా పెళ్ళగించి, గంపలో కుదించి, దేచన వీపుకు తాళ్ళతో కట్టింది. ఆ పొద నడిమి కొమ్మలో ఒక సూదిపిట్ట గూడుంది. ఇల్లు కదిలిపోతుంటే పిట్ట ఊరుకుంటుందా? గంప చుట్టూ తిరుగుతూ, దేచన చెవిలో తిట్లు లంకించుకుంది.

"దాన్ని తోలీకు. అది నేకపోతే పొద దండగ" అంది మొగిలవ్వ. "దారిన పోతే ఆలని అందుకోలేవు. నీటిగొంతులో దిగిపో. కొండ కడుపులోంచి పోయి మీ ఊరి ఏటిలో తేలతావు. లోపల ఒక రాకాసి ఉందంటారు. ఉందో నేదో మాకు తెలీదు, దిగినోళ్ళెవులూ సెప్పడానికి రానేదు."

అలా ధైర్యం చెప్పి, అవ్వ అతన్ని తాటిదోనెలో కూర్చోబెట్టి నీటిలోకి ఒక్క తోపు తోసింది.

ఆ తోపుతో దేచన ప్రాణాలు కొండ మీదే ఉండిపోయాయి, శరీరం మాత్రం ముందుకు పోయింది. చీకటి సొరంగం, నురగలు కక్కే నీళ్ళు, నెత్తికి జానెడు ఎత్తున రాతి కప్పు. ఒక మలుపులో దోనె అడ్డం తిరిగింది, మరో మలుపులో వెనక్కి తిరిగింది. పొద పూలు రాలిపోతున్నాయి. పిట్ట గూటిలో దూరి అక్కడినుంచే తిడుతోంది. ఉన్నట్టుండి నీళ్ళు నెమ్మదించి, దోనె ఒక పెద్ద గుహలోకి తేలింది. గోడల నిండా నీలం రాళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి. నీటి అంచున రోలంత పళ్ళెం ముందు పెట్టుకుని, జడకు ఎముకల పూలు ముడుచుకుని, ఒక రాక్షసి మఠం వేసుకుని కూర్చుని ఉంది.

చేయి చాపి దోనెను అరటిదొప్పను తీసినట్టు తీసి పళ్ళెంలో పెట్టుకుంది.

"స్నానం చేశావా?" అని అడిగింది.

దేచన తెల్లబోయాడు. "ఇప్పటిదాకా నీళ్ళలోనే వచ్చానమ్మా."

"మంచిది. మాది ఘటోదరి వంశం. ఏడు తరాలుగా మడి తప్పలేదు. పాచి తినం, చల్లారింది తినం, ఎంగిలి అసలే ముట్టం" అని రాక్షసి కళ్ళు మూసుకుని, భోజనానికి ముందు చదివే మంత్రమేదో గొణగడం మొదలుపెట్టింది.

దేచన బుర్ర గిర్రున తిరిగింది. పొద్దుటినుంచీ ఈ ఎంగిలి అనే మాట తన ప్రాణం తీస్తూనే ఉంది, ఒక్కసారైనా నిలబెట్టదా? మంత్రం ముగిసేలోపల తన కుడిచేయి మోచేతిదాకా నాకేశాడు. ఎడమచేయి నాకాడు. చాలదేమోనని మోకాలు పైకెత్తి కసుక్కున కొరుక్కున్నాడు.

రాక్షసి కళ్ళు తెరిచింది. "ఏమిటా పని?"

"క్షమించు తల్లీ. నేను చవిచూపరిని. నా ముందు ఏది ఉన్నా ముందుగా నేను రుచి చూడటం అలవాటు. పళ్ళెంలో నేనే కనిపించాను. నన్ను నేనే రుచి చూసుకున్నాను. ఉప్పు సరిపోయింది."

"ఎంగిలి చేశావా!" రాక్షసి పళ్ళెం వదిలి గోడదాకా వెనక్కి జరిగింది. "నిన్ను నువ్వే ఎంగిలి చేసుకున్నావా! ఛీ ఛీ, పళ్ళెం కూడా మైలపడిపోయింది! పో అవతలికి!"

అంటూ పళ్ళేన్నీ దోనెనూ దేచననూ కలిపి నీళ్ళలోకి ఒక్క తన్ను తన్నింది. మొగిలవ్వ తోపు దీని ముందు దిగదుడుపే. మామూలుగా మర్నాటి మధ్యాహ్నందాకా పట్టే దారిని దోనె ఆ ఒక్క ఊపులో సగానికి పైగా దాటేసింది.

ద్వాదశి పొద్దెక్కేసరికి దేచన మేఖలాపురం ఏటిరేవులో తేలాడు. కోట ఉత్తరద్వారం దగ్గర గుర్రాలు నురగలు కక్కుతున్నాయి. ఉద్దండుడు అప్పుడే లోపలికి పోయాడు. పైగా, దేచన కనబడితే పట్టుకోమని ద్వారపాలకులకు చెప్పి మరీ పోయాడు. మందును ఎంగిలి చేయబోయిన ద్రోహి అట.

ద్వారం ముందు తోటమాలుల బండ్లు నాలుగు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రభువులు మందు పుచ్చుకునే వేళ సభను అలంకరించడానికి కుండీల్లో మొక్కలు తీసుకుపోతున్నారు. దేచన చివరి బండి ఎక్కి, కుండీల మధ్య గంప ముందు పెట్టుకుని ముడుచుకుని కూర్చున్నాడు.

ద్వారపాలకుడు వచ్చి పొద వంక అనుమానంగా చూశాడు. "ఏమయ్యా, ఈ మొక్క ఏమిటి, ఇలా ఒణుకుతోంది?"

బండివాడికి ఏం తెలుసు? "కొత్త మొక్క కాబోలు దొరా, ఊరు అలవాటవ్వాలిగా" అన్నాడు.

ఇంతలో సూదిపిట్ట గూటిలోంచి దూసుకొచ్చి ద్వారపాలకుడి ముక్కు మీద పొడిచింది. అతను ముక్కు పట్టుకుని "పోనీ, పోనీ!" అని అరిచాడు. బండి కదిలింది.

కొలువుకూటంలో పండితులూ మంత్రులూ నిలువుగుడ్లేసుకుని చూస్తున్నారు. సింహాసనం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టిన మహారాజు, దిండ్ల కంటే పలచగా ఉన్నాడు. కాకోలుడు లక్కముద్ర పగలగొట్టి, బంగారు గిన్నెలో తేనె వంచాడు. గిన్నె మహారాజు పెదవుల దాకా వెళ్ళింది.

"ఆగండి!"

మూలనున్న మొక్క లేచి నిలబడి అరిచేసరికి సగం సభ పరుగెత్తింది.

"ప్రభూ, అది విషం! పిట్ట ముట్టని పువ్వులో ఉండేది తేనె కాదు!"

"పట్టుకోండి వాణ్ణి!" అని కాకోలుడు గర్జించాడు. "కొండ మీద కొండదేవర శాపం తగిలి మతి చలించినవాడు. ప్రభూ, ఘడియ దాటిపోతోంది. పుచ్చుకోండి!"

దేచన చెప్పబోయాడు. తిత్తి గురించి, గూడెం గురించి, ఏడు కోడిపుంజుల గురించి. భటులు వచ్చి పడుతున్నారు. ఎంత చెప్పినా ఎవరు నమ్ముతారు? నమ్మించడానికి అతనికి తెలిసిన దారి పదకొండేళ్ళుగా ఒక్కటే. భటుల కాళ్ళ సందులోంచి దూరి, మెట్లు ఎక్కి, మహారాజు చేతిలోని గిన్నె లాక్కుని గటగటా తాగేశాడు.

"అయ్యో, ఎంగిలి!" అని పండితులు చెవులు మూసుకున్నారు.

దేచన గిన్నె కింద పెట్టి, అలవాటు ప్రకారం పెదవులు తుడుచుకుని, మహారాజుకు దండం పెట్టాడు. అంతే, కర్రలా పడిపోయాడు. పెదవులు నీలంగా మారాయి.

ఉద్దండుడు వంగి దేచన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "నా చేతులతో నేనే... తలస్నానం చేసి మరీ... ప్రభూ, నేను తెచ్చింది విషమా!" అని ఆ వీరుడు భోరుమని ఏడ్చాడు. కూజాను ఒక్క తాపు తన్నాడు. తేనె పారిన చోట చలువరాయి మసకబారింది.

దేచన వేలు ఒక్కటి కదిలింది. పొద వైపు చూపించింది.

పొదలో పూలన్నీ దారిలో రాలిపోయాయి. మిగిలింది ఒక్క మొగ్గ. సభలోని వెచ్చదనానికో ఏమో, అందరూ చూస్తుండగానే అది విచ్చుకుంది. సూదిపిట్ట స్తంభం మీంచి దిగి, పువ్వు అంచున వాలి, ముక్కు లోపలికి దించింది. పువ్వు కింది నుంచి నల్లని చుక్కలు టపటపా రాలాయి. తరువాత అడుగున బంగారు రంగు ఊట మెల్లగా ఊరడం మొదలైంది. పిట్ట తన పని అయిపోయినట్టు గూటికి పోయింది.

నలభై రోజులుగా ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవని ఘృతకేతు మహారాజు తనంతట తాను లేచాడు. తూలుతూ వెళ్ళి పువ్వు కోశాడు. నేల మీద కూలబడి దేచన తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ప్రభూ, ఉన్నది ఒక్క పువ్వే! ముందు తమరు..." అన్నాడు మంత్రి.

"నోరు ముయ్యవయ్యా!" అన్నాడు మహారాజు. సగం తేనె దేచన నోట్లో పోశాడు. ఆ పెదవులకు తగిలిన అదే పువ్వును ఎత్తి మిగతా సగం తాను తాగాడు.

"మహాప్రభూ, పిట్ట ఎంగిలి, పైగా మనిషి ఎంగిలి!" అని ఒక పండితుడు గగ్గోలు పెట్టాడు.

"పదకొండేళ్ళుగా వీడి ఎంగిలి తినే బతికానయ్యా నేను" అన్నాడు మహారాజు. ఉన్నట్టుండి ఆయన ముఖం మారిపోయింది. నాలుక చప్పరించాడు. మళ్ళీ చప్పరించాడు. కళ్ళవెంట జలజలా నీళ్ళు కారాయి. "తియ్యగా ఉందిరా దేచనా. తియ్యగా ఉంది. ఒరేయ్, నాకు ఆకలేస్తోందిరా!"

దేచన కళ్ళు తెరిచి నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడు సభలో చీకటి కమ్మింది. కాకోలుడి గడ్డంలోని నలుపు సగం మెడ మీదికీ భుజాల మీదికీ ఈకలై పాకుతోంది. చూస్తూ ఉండగానే అతను ఎడ్లబండి అంత బొంతకాకి అయ్యాడు.

"ఒక్క అరపువ్వు మూడు పూటలు! ఆపైన మళ్ళీ బూడిదే తింటావు ఘృతకేతూ!" అని ఆ కాకి మనిషి గొంతుతో నవ్వింది. "ఈ పొద నాది. ఆ కొండ మీద తక్కిన పొదలన్నీ సాయంత్రానికి బూడిద!"

గంపను గోళ్ళతో పట్టి, గవాక్షం వైపు ఎగిరింది. ఉద్దండుడి ఈటె దాని తోక ఈక ఒకటి రాల్చింది, అంతకంటే ఏమీ చేయలేకపోయింది. గూటిలోంచి సూదిపిట్ట అరుపు వినిపించింది.

దేచనకు కాళ్ళు ఇంకా తన స్వాధీనంలోకి రాలేదు. చేతులు వచ్చాయి, అవి చాలు. మహారాజు ఒళ్ళోంచి ఒక్క ఉరుకు ఉరికి, గంపకు వేలాడుతున్న తాడు కొస అందుకున్నాడు. గవాక్షం దాటింది, కోటగోడ దాటింది, ఏరు దాటుతోంది. కింద కోట చిన్నదైపోతోంది. దాని మేడ మీదికి ఎవరి సాయమూ లేకుండా ఎక్కి వచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మహారాజు అరుస్తున్నాడు.

"దేచనా! పొయ్యి వెలిగించమన్నానురా! గుత్తివంకాయ చేయిస్తున్నాను! నువ్వు రుచి చూడందే నేను ముద్ద ముట్టను! వింటున్నావా? చచ్చినా ముట్టను!"

దేచన బదులు చెప్పాలనుకున్నాడు. తన కోసం చూడవద్దనీ, తినేయమనీ, మూడు పూటలే ఉన్నాయనీ అరవబోయాడు. నాలుక ఇంకా మొద్దుబారే ఉంది, "బ... బ..." అని మాత్రమే వచ్చింది. పైన గంపను పట్టిన గోళ్ళు అతని బరువుకు ఒకటొకటిగా సడలుతున్నాయి. ఎదుట జేగురుకొండ ఎర్రగా పైకి లేస్తోంది.